‘గో బ్యాక్’ అనే పిట్ట కోసం... కొండల రూపమే మార్చేశారు!

బ్రహ్మానందం, విజయనిర్మల, రామోజీ ఫిల్మ్ సిటీ... ఈ ముగ్గురికీ కామన్ పాయింట్ ఏంటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గిన్నిస్ బుక్! మరి ఆ పుస్తకం పుట్టడానికి ఓ పిట్ట మీద జరిగిన వాదన కారణమని తెలుసా?

1951లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ కౌంటీలో సర్ హ్యూ బీవర్ స్నేహితులతో కలిసి పిట్టల వేటకు వెళ్లాడు. గిన్నిస్ బీరు కంపెనీకి ఆయన మేనేజింగ్ డైరెక్టర్. గోల్డెన్ ప్లోవర్ అనే పిట్టకు గురిపెడితే తప్పిపోయింది. దాంతో వాదన మొదలైంది. యూరప్‌లోని వేటపిట్టల్లో అన్నిటికంటే వేగంగా ఎగిరేది ఏది? గోల్డెన్ ప్లోవరా, గ్రౌసా? పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. ఇలాంటి పందేలు ప్రతి పబ్బులోనూ జరుగుతుంటాయి కదా, జవాబులన్నీ ఒకే పుస్తకంలో ఉంటే ఎలా ఉంటుంది అన్న ఆలోచన ఆయనకు అప్పుడే వచ్చింది. 1955లో మొదటి గిన్నిస్ బుక్ అచ్చయింది.

ఆ వాదనలోని రెండో పిట్ట గ్రౌస్‌దే ఈ కథ. అయితే దాని వేగం కంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటి ఉంది. స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లాండ్‌లలో లక్షల ఎకరాల కొండలు ఇవాళ చూడ్డానికి ఎలా ఉన్నాయో అలా ఉండటానికి పెద్ద కారణం ఈ పిట్టే. ఆ కొండలు ఇకముందు ఎలా ఉండాలన్న గొడవ కూడా దీని చుట్టూనే తిరుగుతోంది.

పాదాలకు ఈకల సాక్సులు

దీని పూర్తి పేరు రెడ్ గ్రౌస్. మన కౌజుపిట్టకు దూరపు చుట్టం అనుకోవచ్చు, రెండూ కోళ్ల కుటుంబానివే. బరువు ముప్పావు కిలోకి కాస్త అటూ ఇటూ. ఒళ్లంతా ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు, కళ్లపైన ఎర్రటి కనుబొమలు. పాదాలైతే వేళ్ల దాకా తెల్లటి ఈకలతో కప్పి ఉంటాయి. మంచులో నడవడానికి దేవుడిచ్చిన సాక్సులన్నమాట. శాస్త్రీయ నామంలోని ‘లాగోపస్’ అనే గ్రీకు మాటకు అర్థం కుందేలు పాదం.

ప్రపంచం మొత్తంలో రెడ్ గ్రౌస్ సహజంగా కనిపించేది బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లోనే. నార్వే, రష్యా లాంటి చలి దేశాల్లో ఉండే దీని దగ్గరి బంధువులు చలికాలంలో తెల్లగా మారిపోతాయి. ఇది మాత్రం మారదు. బ్రిటన్ కొండల మీద మంచు నెలల తరబడి నిలవదు. తెల్లగా మారితే డేగకు దొరికిపోవడమే!

మగపిట్ట తన హద్దులోకి ఎవరైనా వస్తే కూత పెడుతుంది. అది ఇంగ్లీషువాళ్ల చెవులకు ‘గో బ్యాక్... గో బ్యాక్... బ్యాక్ బ్యాక్’ అన్నట్టు వినిపిస్తుంది. మనకైతే వెంటనే 1928లో మద్రాసులో ‘సైమన్ గో బ్యాక్’ అంటూ తుపాకీకి గుండె చూపించిన టంగుటూరి ప్రకాశం పంతులు గుర్తొస్తారు. తుపాకులు పట్టుకొచ్చిన దొరలకు సొంత దేశంలోనే ఓ పిట్ట అదే మాట చెప్పడం తమాషాగా లేదూ?

తిండి ఒకటే... హెదర్

గ్రౌస్ ఉండే చోటును ‘మూర్’ అంటారు. చెట్లుండవు. కొండ మీద ఎటు చూసినా మోకాలెత్తు పొదలు, మధ్యమధ్య గడ్డి, నీళ్లు నిలిచిన బురదనేల. ఆ పొద పేరే హెదర్. ఏడాదిలో ఎక్కువ కాలం బొగ్గులా నల్లగా కనిపించే ఈ పొదలు ఆగస్టు వచ్చేసరికి పూస్తాయి. ఆఫీసు ప్రాజెక్టు మీద లీడ్స్‌లో కొన్ని నెలలున్నప్పుడు ఓ శనివారం రైలెక్కి ఇల్క్లీ వెళ్లాను. స్టేషన్ దగ్గర్నుంచి ఎక్కడం మొదలుపెడితే కాసేపటికే కొండ మొత్తం ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టు కనిపించింది. కాలిబాట పక్క పొదలోంచి రెండు గ్రౌస్‌లు టపటపమని లేచి, నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తులోనే దూసుకుంటూ కొండ మలుపు తిరిగాయి. ఫోన్ జేబులోంచి తీసేలోపే మాయం! హ్యూ బీవర్ వాదన ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

హెదర్ లేకపోతే రెడ్ గ్రౌస్ లేదు. చలికాలంలో దాని తిండి దాదాపు మొత్తం హెదర్ చిగుళ్లే. పీచు ఎక్కువగా ఉండే ఈ ఆకు అరగడం కష్టం. అందుకే పిట్ట చిన్నచిన్న రాళ్లు ఏరుకుని మింగుతుంది. కడుపులో అవే రోలూ రోకలీ. పిల్లలకు మాత్రం మొదటి వారాల్లో పురుగులు కావాలి. పీట్ నేలలో పుట్టే పొడుగుకాళ్ల క్రేన్ ఫ్లైలు వాటికి ఇష్టమైన మేత. పుట్టిన రెండు వారాల్లోపే ఎగరడం మొదలుపెడతాయి.

అంటే ఒకే పిట్టకు మూడు రకాల చోట్లు కావాలి. తినడానికి లేత హెదర్, దాక్కుని గుడ్లు పెట్టడానికి ముదురు హెదర్, పిల్లల మేతకు తడినేల. ఈ మూడూ పక్కపక్కనే ఉంటే పిట్టలు బాగా పెరుగుతాయి. ఇక్కడే మనిషి చెయ్యి పడింది.

ప్రకృతి సగం, మనిషి సగం

మూర్ చూడగానే ఎవరూ ముట్టుకోని ప్రకృతి అనిపిస్తుంది. నిజానికి ఎత్తైన శిఖరాలు, బాగా తడిసిన బురదనేలలు వదిలేస్తే, చాలా చోట్ల ఇక్కడ ఒకప్పుడు అడవులుండేవి. వేల ఏళ్ల కిందటి నుంచే మనుషులు చెట్లు నరికారు, తగలబెట్టారు, పశువుల్ని మేపారు. వానలు పెరిగి నేల తడిసింది. చెట్లు తిరిగి రాలేదు, హెదర్ వచ్చింది. గొర్రెలు మేస్తూ, మంటలు పెడుతూ ఉంటే అది అలాగే నిలిచింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కొండల జాతకం మారిపోయింది. 1852లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ ఎస్టేట్ కొన్నాడు. రాజకుటుంబం వెళ్లాక పెద్దమనుషులు వెళ్లకుండా ఉంటారా? రైళ్లొచ్చాయి. త్వరగా గుండ్లు మార్చుకునే తుపాకులొచ్చాయి. పంటకు పనికిరాని కొండ ఒక్కసారిగా ఖరీదైన ఆస్తి అయిపోయింది.

గ్రౌస్ వేట ఏటా ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10 దాకా సాగుతుంది. మొదటి రోజును ‘గ్లోరియస్ ట్వెల్త్’ అని పండగలా చేసుకుంటారు. వేట పద్ధతి మనకు తెలియనిదేం కాదు. మన పల్లెల్లో డప్పులు కొడుతూ అడవిపందుల్ని ఒకవైపుకి తోలినట్టే, ఇక్కడ ‘బీటర్లు’ వరసగా జెండాలు ఊపుతూ పిట్టల్ని లేపుతారు. అవతల రాళ్లు పేర్చి కట్టిన మరుగుల్లో తుపాకులతో వేటగాళ్లు నిలబడి ఉంటారు. లెక్క జతల్లో. ఒక్క రోజు వేటకు ఒక్కొక్కరు వేల పౌండ్లు కట్టే మూర్‌లు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగానే, 1915 ఆగస్టు 12న, లాంకషైర్‌లోని ఆబీస్టెడ్‌లో ఎనిమిది మంది కలిసి ఒక్కరోజులో 2,929 గ్రౌస్‌లను కొట్టారు!

ఇక్కడో మెలిక ఉంది. నెమలికోడి లాంటి ఫెజంట్‌లనైతే ఫారాల్లో లక్షల్లో పెంచి వేటకు వదులుతారు. గ్రౌస్‌ను అలా పెంచరు. అది కొండ మీదే పుట్టాలి, కొండ మీదే పెరగాలి. పిట్టల్ని పెంచలేరు కాబట్టి పిట్టలు ఎక్కువగా పుట్టేలా కొండను తయారుచేశారు. ఆ పని చేసేవాడే గేమ్‌కీపర్. చలికాలంలో హెదర్‌ను చిన్న చిన్న మడులుగా తగలబెడతాడు. కాలిన చోట లేత చిగుళ్లొస్తాయి, పక్కన ముదురు పొదలు అలాగే ఉంటాయి. దూరం నుంచి చూస్తే కొండకు అతుకుల బొంత కప్పినట్టుంటుంది. నక్కల్ని, కాకుల్ని, ముంగిసలా కనిపించే స్టోట్‌లను చంపుతాడు. అంతా ఒకే ఒక్క లెక్క పెరగడం కోసం. ఆగస్టులో ఎన్ని జతలు?

అంటార్కిటికా డాక్టరుగారు, పేగుల్లో పురుగు

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. సిస్టమ్ మొత్తాన్ని ఒక్క నంబర్ కోసం ట్యూన్ చేస్తే ఆ నంబర్ పెరుగుతుంది, ఇంకెక్కడో ఏదో విరుగుతుంది. గ్రౌస్ విషయంలో మొదట విరిగింది గ్రౌసే.

కొన్నేళ్లు పిట్టలు విపరీతంగా పెరిగేవి. తర్వాత హఠాత్తుగా కొండల మీద కుప్పలుగా చచ్చిపడేవి. కారణం తెలియక 1905లో ఓ విచారణ కమిటీ వేశారు. పిట్టల్ని పరీక్షించే పని డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్‌ది. ఆయన దాదాపు రెండు వేల గ్రౌస్‌లను కోసి చూశాడు. పేగుల్లో ఉండే సన్నటి నులిపురుగే అసలు దోషి అని తేలింది. కమిటీ నివేదిక 1911లో వచ్చింది. అప్పటికి విల్సన్ కెప్టెన్ స్కాట్‌తో కలిసి అంటార్కిటికాలో ఉన్నాడు. దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ 1912లో స్కాట్ గుడారంలోనే ప్రాణం విడిచింది ఈయనే.

పురుగు పని చేసే తీరు ఇది. దాని గుడ్లు పిట్ట రెట్టలో బయటికొస్తాయి. పొదిగిన లార్వాలు తడిగా ఉన్న హెదర్ చిగురు మీదికి పాకుతాయి. ఇంకో పిట్ట ఆ చిగురు తింటుంది. పిట్టలు ఎక్కువైతే రెట్టలెక్కువ, రెట్టలెక్కువైతే పురుగులెక్కువ. అయితే దెబ్బ వెంటనే తెలియదు, ఒకటి రెండు సీజన్లు ఆలస్యంగా తగులుతుంది. ఈ ఆలస్యం వల్లే పిట్టల సంఖ్య ఉయ్యాల ఊగినట్టు కొన్నేళ్లకోసారి పెరిగి పడిపోతుంది. పురుగు పట్టిన పెట్ట నీరసించడమే కాదు, దాని వాసన కూడా పెరిగి, గుడ్ల మీద కూర్చున్నప్పుడు నక్కకు ఇట్టే దొరికిపోతుంది.

1998లో హడ్సన్, డాబ్సన్, న్యూబోర్న్ అనే శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఓ ప్రయోగం ప్రచురించారు. సంఖ్య పడిపోతుందనుకున్న సంవత్సరానికి ముందే అడవి గ్రౌస్‌లను పట్టి, పురుగుల మందు వేసి వదిలారు. అక్కడ పతనం బాగా తగ్గింది. ఇప్పుడు చాలా మూర్‌లలో పిట్ట మింగే గులకరాళ్లకే మందు పూసి పెట్టెల్లో పోసి ఉంచుతున్నారు. కొండంత ఫారం, డబ్బా మేత మాత్రం లేదు. అడవిపిట్టకు మందు పెట్టి మరీ కాపాడేది ఆగస్టులో కొట్టడానికి! ఇందులోని వింత గ్రౌస్ వేటను ఇష్టపడేవాళ్లు కూడా కాదనలేరు.

డేగకు పడిన శిక్ష

రెండోసారి విరిగింది హెన్ హ్యారియర్. నేలకు కాస్త ఎత్తులో తేలుతూ వేటాడే అందమైన డేగ ఇది. హెదర్‌లోనే గూడు కడుతుంది. ఎలుకలు, చిన్న పిట్టలతోపాటు గ్రౌస్ పిల్లల్నీ తింటుంది. 1954లోనే చట్టం దీనికి రక్షణ ఇచ్చింది. అయినా చంపడం ఆగలేదు. ఇంగ్లాండ్‌లో ట్రాన్స్‌మిటర్లు కట్టిన హ్యారియర్లపై 2019లో వచ్చిన ఓ పరిశోధన ప్రకారం, మిగతా చోట్లతో పోలిస్తే గ్రౌస్ మూర్‌ల మీద ఇవి చనిపోవడానికో, మాయమవడానికో పది రెట్లు ఎక్కువ అవకాశం ఉంది.

చంపకుండా వదిలేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు ఇచ్చిన ఊరు లాంగ్‌హోమ్. స్కాట్లాండ్ దక్షిణపు అంచున ఉంటుంది. చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పూర్వీకుల ప్రాంతం. 1992 నుంచి 1997 దాకా ఇక్కడ డేగల్ని ఎవరూ ముట్టుకోలేదు, శాస్త్రవేత్తలు లెక్కలు రాసుకున్నారు. గూడు కట్టే ఆడ హ్యారియర్లు రెండు నుంచి ఇరవై దాకా పెరిగాయి. గ్రౌస్ పడిపోయింది. వేట ఆగిపోయింది. గేమ్‌కీపర్ల ఉద్యోగాలు పోయాయి.

చూశారా, డేగ వస్తే మేం మునుగుతాం అన్నారు ఎస్టేట్లవాళ్లు. వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ అన్ని డేగలు ఎందుకొచ్చాయన్న ప్రశ్న కూడా ఉంది. గొర్రెల మేత ఎక్కువై దశాబ్దాలుగా ఆ కొండ మీద హెదర్ దాదాపు సగం తరిగిపోయి గడ్డి పెరిగింది. గడ్డిలో ఎలుకలు, చిన్న పిట్టలు పెరిగాయి. వాటి కోసం డేగలొచ్చాయి. గ్రౌస్ పిల్లలు దారిలో దొరికిన మేత మాత్రమే. డేగలకు విడిగా మాంసం పెట్టి చూస్తే అవి గ్రౌస్ పిల్లల్ని పట్టుకెళ్లడం బాగా తగ్గింది. అయినా 2008 నుంచి మరో పదేళ్లు కష్టపడినా, లాభసాటి వేటకు సరిపడా గ్రౌస్‌లు అక్కడ తిరిగి రాలేదు.

చివరికి ఏమైందంటే, యజమాని బక్లూ ఎస్టేట్స్ భూమి అమ్మకానికి పెట్టింది. ఒకప్పుడు బట్టల మిల్లులతో బతికిన ఆ చిన్న ఊరివాళ్లు చందాలు పోగుచేసి 2021లో 5,200 ఎకరాలు, మరుసటి ఏడాది ఇంకో 5,300 ఎకరాలు కొనేశారు. ఇప్పుడది టారాస్ వ్యాలీ నేచర్ రిజర్వ్. ఇప్పుడక్కడ జతల లెక్క కోసం కొండను నడపరు.

కాళ్ల కింద కార్బన్

మూడోది పైకి కనిపించదు. హెదర్ కింద ఉండేది పీట్. కుళ్లకుండా పేరుకుపోయిన నాచు, మొక్కల పొర. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఒక మీటరు పీట్ అంటే వెయ్యేళ్ల కష్టం! బ్రిటన్ పీట్ నేలల్లో దాదాపు 300 కోట్ల టన్నుల కార్బన్ దాగి ఉందని అంచనా. తడిగా ఉన్నంతవరకే అది నేలలో ఉంటుంది. కాలువలు తవ్వి ఎండబెడితే, మంట లోపలికి దిగితే గాల్లోకి పోతుంది. పైగా లీడ్స్, మాంచెస్టర్ లాంటి నగరాలకు తాగునీళ్లు వచ్చేది ఇలాంటి కొండల మీద నుంచే.

అందుకే చట్టాలు మారుతున్నాయి. రక్షిత ప్రాంతాల్లో 40 సెంటీమీటర్ల కంటే లోతైన పీట్ మీద లైసెన్సు లేకుండా మంట పెట్టకూడదని ఇంగ్లాండ్ 2021లో నిబంధన తెచ్చింది. స్కాట్లాండ్ 2024లో ఇంకో అడుగు ముందుకేసింది. గ్రౌస్ వేటకే లైసెన్సు ఉండాలంది. డేగల్ని చంపుతున్నారని తేలితే లైసెన్సు పోతుంది.

కీపర్ల మాట కూడా వినాలి

ఇక్కడితో ఆపేస్తే కథ సగమే చెప్పినట్టు. గేమ్‌కీపర్ నక్కల్ని, కాకుల్ని అదుపులో పెట్టడం వల్ల గ్రౌస్ ఒక్కటే బాగుపడదు. నేల మీద గుడ్లు పెట్టే కర్లూ, లాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ కూడా బతుకుతాయి. ఒటర్‌బర్న్ ప్రాంతంలో 2000 నుంచి 2008 దాకా జరిగిన ప్రయోగంలో, నక్కల్ని, కాకుల్ని అదుపు చేసిన చోట ఈ పిట్టల పిల్లలు దక్కడం సగటున మూడు రెట్లు పెరిగింది. పొడుగు ముక్కు కర్లూ బ్రిటన్ అంతటా తగ్గిపోతున్న పిట్ట. వేట ఆపేసి కొండను పూర్తిగా వదిలేస్తే దానికేం జరుగుతుందన్న భయంలో న్యాయముంది.

ఇంకోటి. వేట లేకపోతే ఆ కొండ అలాగే ఉండిపోతుందన్న గ్యారంటీ కూడా లేదు. పైన్ తోటలు వేయొచ్చు, గొర్రెల్ని నింపొచ్చు. ఆ రెండూ హెదర్‌ను తినేసేవే. రెడ్ గ్రౌస్‌కు తుపాకీ కంటే పెద్ద శత్రువు హెదర్ పోవడమే. ఐర్లండ్‌లో కీపర్లు, మంటలు అంతగా లేని బురదనేలల మీద కూడా గ్రౌస్ బతుకుతోంది, కాకపోతే చాలా పల్చగా. పిట్ట ఉండటానికి కొంచెం హెదర్, కాస్త తడినేల చాలు. రోజుకు వందల జతలు పడాలంటేనే ఇంత ఏర్పాటు కావాలి. ఈ రెండిటికీ తేడా తెలిస్తే సగం గొడవ తేలిపోతుంది.

మనకేంటి సంబంధం?

హెన్ హ్యారియర్‌కు దాయాదులైన మాంటెగ్యూస్ హ్యారియర్, పాలిడ్ హ్యారియర్ ప్రతి చలికాలం మధ్య ఆసియా నుంచి మన దగ్గరకొస్తాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానం రాత్రిళ్లు అవి తలదాచుకునే చోట్లలో పేరున్నది. అదే మైదానం బట్టమేక పిట్ట ఇల్లు. అది కూడా బ్రిటిష్ దొరల కాలంలో వేటగాళ్లకు మోజైన పిట్టే. 1988లో దాని కోసమే అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దానికి అక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం.

చెట్లు లేని నేలను మనం బీడు అంటాం. ‘వేస్ట్ ల్యాండ్’ అని రికార్డుల్లో రాసేస్తాం. ఆ తర్వాత దున్నేస్తాం, మొక్కలు నాటేస్తాం, కరెంటు తీగలు లాగేస్తాం. బ్రిటన్ వాళ్లు చెట్లులేని కొండకు విలువ కట్టారు, కానీ ఒక్క పిట్ట లెక్కలో కట్టారు. మనం అసలు విలువే కట్టలేదు. వాళ్లు ఇప్పుడు నీళ్లు, కార్బన్, డేగ, కర్లూ అన్నీ కలిపి కొత్తగా లెక్క వేసుకుంటున్నారు. రోళ్లపాడులో మనకు ఆ లెక్క మొదలుపెట్టడానికి ఇంకా గడ్డి మిగిలి ఉంది. ఈ చలికాలం అటువైపు వెళితే సాయంత్రం పొద్దుగుంకే వేళ కాసేపు ఆగండి. గడ్డి మీద తేలుతూ దిగే డేగలు కనిపిస్తాయి. ఆ నేల ఎవరికీ అక్కర్లేనిది కాదని వాటికి తెలుసు.